దిష్టి తగిలిన ఉపాయం

ఒకప్పుడు ఉపాయాలు ఉన్నట్టుండి వచ్చేవి కావు. పిలిస్తే వచ్చేవి. అదీ కొత్తకోడలు వచ్చినట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ. ప్రతి మనిషి తలలోనూ వెనక గదిలో మతి అనే ముసలమ్మ ఉండేది. ఉపాయాలన్నీ ఆమె పిల్లలే.

గోదావరి లంకలో మేకలు కాసుకునే ఎర్రక్కకు ఓసారి పెద్ద చిక్కొచ్చిపడింది. వరదొచ్చి లంక మునిగిపోతోంది. ఉన్నది ఒక్క బుల్లి నావ. అందులో పెద్ద మేకలు పట్టవు. ఈదమంటే నీళ్ళు చూసి వెనక్కి నడుస్తున్నాయి. మేకలు పోతే ఎర్రక్క బతుకూ పోయినట్టే.

"గోదారి తల్లీ, కాస్త ఆగవే!" అని బతిమాలింది.

"నాకు ఆగడం రాదమ్మా," అంది గోదారి. అబద్ధం కాదు, నిజంగానే రాదు.

ఎర్రక్క ఉపాయాన్ని కేకేసింది. అది మొహమైనా కడుక్కోకుండా బయల్దేరింది.

"అదిగో, ముక్కు కనిపిస్తోంది! రా, రా!" ఎర్రక్క కళ్ళింతలు చేసుకుని చూసింది. మేకలూ చూశాయి. ఇంకేముంది, దిష్టి తగిలింది. ఉపాయం గడపలోనే కూలబడింది.

మతి పరుగున వచ్చి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, బిడ్డను చంకనేసుకుంది.

"పసిదాన్ని అలా గుడ్లప్పగించి చూస్తారా ఎవరైనా? ఇక నా పిల్లల్ని పెరిగేదాకా గడప దాటనివ్వను. నువ్వడిగింది విన్నాను. అటు తిరుగు."

"మేకలు మునిగిపోతున్నాయి అవ్వా!"

"పనేదైనా చూసుకో, పో." తలుపేసేసింది.

ఎర్రక్కకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, ఏడుస్తూనే ఓ కుంటి మేక గిట్టలో ముల్లు తీయసాగింది. నీళ్ళు కాళ్ళను తాకాయి. ముల్లు ఊడొచ్చింది. అంతే, తలుపు ఢామ్మని తెరుచుకుంది. తల దువ్వుకుని, బుగ్గన దిష్టిచుక్క పెట్టుకుని ఉపాయం ఒక్క గెంతు గెంతింది.

"పిల్లల్ని నావెక్కించు. తల్లులు వాటంతటవే వస్తాయి!"

"ఓసి నా మొద్దు బుర్రా!" ఎర్రక్క నుదురు కొట్టుకుంది.

మేకపిల్లల్ని నావలో వేసి, తోసి, తనూ ఎక్కింది. అవి 'మే' అన్నాయి. తల్లులు నీళ్ళ సంగతే మరిచి దూకాయి. వాటి వెనక పోతులూ దూకాయి. ఎందుకు దూకాయో ఎవరూ అడగలేదు. అన్నీ ఒడ్డెక్కాక ఎర్రక్క ఒక్కొక్కదాన్నీ కావిలించుకుని మళ్ళీ ఏడ్చింది.

అప్పటినుంచే, ఉపాయం కోసం కళ్ళప్పగించి కూర్చుంటే మతి తలుపు తీయదు. మనం వంకాయలు తరుగుతుంటేనో, నీళ్ళు పోసుకుంటుంటేనో అది పూర్తిగా ముస్తాబై ఒక్కసారిగా గెంతుతుంది. మనం నుదురు కొట్టుకుంటాం. ఎలా తట్టిందని ఎవరైనా అడిగితే మనకు తెలియదు. తెలిసిన ముసలమ్మ చెప్పదు.