బుడగలూదిన సున్నుండలు

నమ్మితే నమ్ము చిన్నీ, లేకపోతే దుప్పటి ముసుగేసి పడుకో. సున్నుండ తిని ఒక పెద్దాయన నోట్లోంచి బుడగలు ఊదాడు. సబ్బు బుడగల్లాంటివి, గుండ్రంగా, రంగురంగులుగా. అబద్ధమని తేలిస్తే రేపు నా ఐస్‌క్రీమ్ కూడా నువ్వే తినెయ్. ఇది అమ్మమ్మ చెప్పే కథే, ఆవిడ వంటింట్లో ఉంది కాబట్టి టైపు చేసేది నేను. మధ్యలో ఎందుకూ ఏమిటీ అని మెసేజీలు పెట్టావంటే ఆపేస్తా.

అనగా అనగా కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ. ఆవిడకి కొడుకు సూరిబాబు, కూతురు చిట్టి. కొడుక్కి కరీంనగర్ నుంచి కోడల్ని తెచ్చుకుంది. కోడలి పేరు వకుళ.

వకుళకి అన్నీ మ్యాచింగ్ ఉండాలి. ఆ పిల్ల కాపురానికి రాగానే కర్టెన్లు పిస్తా రంగుకి మారాయి. ఆ తర్వాత దిండు గలీబులు మారాయి. ఆ తర్వాత సూరిబాబు లుంగీలు మారాయి.

కట్టుకునేవాడికి లేని బాధ నాకెందుకు అనుకుంది వరహాలమ్మ. అప్పుడు వకుళ చూపు వంటింటి మీద పడింది.

ఆ వంటింట్లో డబ్బా మీద ఉండేది ఒకటి, లోపల ఉండేది ఇంకోటి. పాలపొడి డబ్బాలో మెంతులు. బిస్కెట్ల డబ్బాలో కారం. ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన స్వీటు డబ్బాలో సూదీ దారం. వరహాలమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా కావల్సిందే వచ్చేది. వకుళ మాత్రం టీలో ఉప్పేసింది. పులుసులో వంటసోడా వేసింది. బిస్కెట్ కోసం చెయ్యి పెట్టి, అదే చేత్తో కళ్ళు నులుముకుంది.

ఒక రోజు వరహాలమ్మ సంతకెళ్ళి వచ్చేసరికి డబ్బాలన్నీ అటకెక్కి కూర్చున్నాయి. గోడ పొడుగునా గాజు సీసాలు. అన్నీ ఒకటే సైజు, అన్నిటికీ పిస్తా రంగు మూతలు, ఒక్కోదానికీ మెలికలు తిరిగిన అక్షరాలతో చీటీ.

"మంచిగున్నయా అత్తమ్మా?" అంది వకుళ.

"కొట్టులా ఉంది," అంది వరహాలమ్మ. "సోకు సరేనమ్మా. ఇన్ని సీసాల్లోంచి నోరూరే తిండి ఒక్కటన్నా బయటికొచ్చిందా?"

వకుళ మొహం చిన్నబోయింది. ఎందుకంటే ఆ ఇంట్లో కుర్చీ ఎక్కడుండాలో, పాలు ఎవరు పొయ్యాలో అన్నీ తను రాకముందే ఖాయమైపోయాయి. ఇది నాది అనిపించింది ఆ ఒక్క గోడే.

అప్పటికి చిట్టి పుట్టింట్లోనే ఉంది, పురుడు పోసుకుని. పాపతో అత్తారింటికి వెళ్ళే రోజు దగ్గరపడింది. వెళ్ళేటప్పుడు సారె ఇచ్చి పంపాలి. సారె అంటే పిల్లతో పాటు పుట్టింటివాళ్ళు పంపే పిండివంటలు, అత్తారి వీధిలో ఇంటింటికీ పంచుతారు. వీధంతా తిని మార్కులేస్తుందన్నమాట.

అప్పుడు వరహాలమ్మ ఒక మాట అంది. "సారెలోకి సున్నుండలు ఈసారి నువ్వే చెయ్యి. అక్కడి ఆడవాళ్ళు బాగున్నాయన్నారా, వంటిల్లు నీది, సీసాలు ఉంటాయి. అనలేదా, నా డబ్బాలు అటక దిగుతాయి."

వకుళ తలూపింది. కానీ వాళ్ళ పుట్టింట్లో సున్నుండలు ఎప్పుడూ చెయ్యలేదు. పేరు వినడమే గానీ, దేంతో చేస్తారో కూడా తెలీదు. ఆ సంగతి చెబితే అక్కడే ఓడిపోయినట్టు కదా, అందుకని నోరు మూసుకుంది.

ఆ తర్వాత పిండిమర నుంచి రెండు సంచుల పిండి వచ్చింది. వరహాలమ్మ కాళ్ళు చాపుకుని పాపకి నీళ్ళు పోస్తోంది. పాప ఊరు లేచిపోయేలా ఏడుస్తోంది.

"ఇవేం పిండ్లు అత్తమ్మా?" అని వకుళ అరిచింది.

"ఒకటి మినప్పిండి, ఇంకోటి సున్నిపిండీ," అని వరహాలమ్మ అరిచింది.

వకుళ ఆలోచించింది. మినప్పిండి అంటే గారెలకి. సున్నిపిండి అంటే ఇంకేముంది, సున్నుండలకి. పేర్లోనే ఉందిగా.

నువ్వూ అదే అనుకుంటున్నావు కదూ, మొద్దూ. సున్నుండలు చేసేది మినప్పిండితోనే. సున్నిపిండి ఒంటికి రుద్దుకునేది. పెసలూ, గులాబీ రేకులూ, కచ్చూరాలూ వేసి పట్టిస్తారు. బాలింత తలక్కూడా పనికొస్తుందని వరహాలమ్మ అందులో ఇన్ని కుంకుడుకాయలు కూడా వేయించింది. వకుళ వాళ్ళ వైపు దాన్ని నలుగుపిండి అంటారు. సున్నిపిండి అన్న మాట ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు.

అప్పుడు వకుళ ఆ పిండిని సీసాలో పోసి, మెలికల అక్షరాలతో 'సున్నుండల పిండి' అని చీటీ అంటించింది. ఫోన్లో చూసి బెల్లం తురిమింది, నెయ్యి కాచింది, పిండి కలిపింది. ముందు నెయ్యి వాసనొచ్చింది. ఆ తర్వాత బెల్లం వాసనొచ్చింది. ఆ తర్వాత గులాబీల వాసనొచ్చింది. ఆంధ్రోళ్ళు సున్నుండల్లో గులాబీ కూడా వేస్తారా, ఎంత స్టైలు, అని మురిసిపోయింది.

రుచి చూసి ఉంటే గొడవే లేదు. కానీ సారె ఎంగిలి చెయ్యకూడదు. సూరిబాబు ఒకటి తీసుకోబోతే వకుళే చేతి మీద ఒకటిచ్చింది.

ఒక్కో ఉండనీ పిస్తా రంగు కాగితం గిన్నెలో కూర్చోబెట్టింది. పైన ఒక గులాబీ రేకు అద్దింది. పెట్టెకి సన్న జరీ దారం కట్టింది. వరహాలమ్మ వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఇదేం వాసనే?"

"గులాబీలు అత్తమ్మా."

పైనున్న రేకు చూసి వరహాలమ్మ సరేననుకుంది. "చూట్టానికి మాత్రం పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి," అంది. వకుళ ఆ మాటకే సగం గెలిచినంత సంబరపడింది.

పొద్దున్నే చిట్టిని, పాపని, సారెని కారెక్కించారు. మధ్యాహ్నం చిట్టి ఫోన్ చేసింది.

"అమ్మా, మా మామగారు బుడగలు ఊదుతున్నారు."

"పాపని ఆడిస్తున్నారా, పోన్లే."

"ఆడించడం కాదే. మాట్లాడుతుంటే వాటంతటవే వస్తున్నాయి. సున్నుండ తిన్న దగ్గర్నుంచీ."

వరహాలమ్మ ఫోన్ పక్కన పడేసి గోడ దగ్గరికెళ్ళింది. సీసా మూత తీసింది. వాసన చూసింది. అక్కడే పీట మీద కూలబడింది.

"ఇది ఒంటికి రుద్దుకునేదే తల్లీ."

"నలుగుపిండా?" అంది వకుళ. "నలుగుపిండి అని చెప్పొచ్చు గదా అత్తమ్మా."

"మేం పుట్టినప్పట్నుంచీ సున్నిపిండే అంటున్నాం. పద, వీధిలో పంచకముందే పట్టుకోవాలి."

ఇద్దరూ ఆటో ఎక్కారు. వకుళకి దారంతా ఒకటే భయం, చిట్టి అత్తగారు మాణిక్యాంబ. ఆవిడకి 'నాకు తెలీదు' అనడం చేతకాదు. ఒకసారి ఏసీ రిమోట్ తిరగేసి పట్టుకుని, ఇది ఎండాకాలం పనిచెయ్యదమ్మా అందిట. అలాంటావిడ ఇంటికి సబ్బుండలు పంపించారు.

వెళ్ళేసరికి మామగారు వరండాలో ఉన్నారు. "రండి," అన్నారు, ఒక బుడగ వచ్చింది. "కూర్చోండి," అన్నారు, రెండొచ్చాయి. "మంచినీళ్ళు తాగుతారా," అనేసరికి వరండా నిండా బుడగలే. పాప పొత్తిళ్ళలో మొహం దాచుకుని చిట్టి నవ్వుతోంది.

పెట్టెలో మూడో నాలుగో ఉన్నాయి. మిగతావి పంచేశారు.

వకుళ చేతులు జోడించింది. "అత్తయ్యగారూ, తప్పయింది. అవి తినేటివి గావు. నేనే తెల్వక..."

"నాకు తెలుసమ్మా," అంది మాణిక్యాంబ.

"తెలుసా?"

"చూడగానే పోల్చాను. మా ఆయనే తొందరపడ్డారు." అలా అంటున్నప్పుడు ఆవిడ పెదవి చివర కాస్త నురగ మెరిసింది. "ఎదురింటామె నోరంతా నురగని వచ్చింది. ఇవి స్నానం ఉండలమ్మా, సిటీలో ఇప్పుడు ఇవే వాడుతున్నారు, తినేస్తారా ఎవరైనా, అని చెప్పి పంపించాను. వీధందరికీ అదే చెప్పాను."

అంతలో ఎదురింటామె తడి జుట్టుతో వచ్చింది, బుగ్గలు ఇత్తడి చెంబుల్లా తళతళలాడుతున్నాయి. ఆ వెనకాల ఇంకొకామె వచ్చి, ఇంకో రెండు ఉండలున్నాయా, మా తోడికోడలికి చూపించాలి అంది. ఆ వెనకాల మూడో ఆవిడ వీపు గోక్కుంటూ వచ్చింది. "ఉండలు బాగున్నాయి గానీ వదినగారూ, చీమలు పడుతున్నాయి."

"పట్టాయా, అయితే మంచి బెల్లమే," అంది మాణిక్యాంబ, రెప్ప కూడా వెయ్యకుండా.

తిరుగు ఆటోలో వకుళ ఒక మూలకి ఒదిగి కూర్చుంది. వరహాలమ్మ ఒళ్ళో మిగిలిన ఉండల పెట్టె.

"బాగున్నాయనే అన్నారు," అంది వరహాలమ్మ తనలో తనే. కాసేపాగి, "అయినా తిని అనలేదుగా," అంది. ఇంకాసేపాగి, "అసలాయనకేం పెట్టామో చూడనీ," అని ఒక ఉండ తీసి నోట్లో వేసుకుంది.

నమిలింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఆటోలోంచి ఉమ్మడానికి పరువడ్డొచ్చింది. గుటుక్కున మింగేసింది.

"అత్తమ్మా," అంది వకుళ సన్నగా, "ఇంటికి పోంగనే డబ్బాలు దించాల్నా?"

దించు అందామని వరహాలమ్మ నోరు తెరిచింది. దించు రాలేదు. ఒక పెద్ద బుడగ వచ్చింది. అది పెరిగి పెరిగి, ఆవిడ ముక్కు మీద కూర్చుని, టప్‌మని పేలింది.

ఆటో అబ్బాయి అద్దంలో చూసి బ్రేకేశాడు.

వకుళ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. దాన్ని చూసి వరహాలమ్మకి నవ్వొచ్చింది. నవ్విన కొద్దీ బుడగలు, బుడగలొచ్చిన కొద్దీ నవ్వు.

"ఉంచుకోవే నీ సీసాలు," అంది ఆవిడ బుడగల మధ్యలోంచి. "ఇంకా నేను కాదంటే మళ్ళీ ఇదే వచ్చేలా ఉంది."

ఇంటికెళ్ళాక వరహాలమ్మ ఒక్క సీసాకి మాత్రం చీటీ తనే రాసింది. మెలికలూ గిలికలూ లేకుండా, ఇంతేసి అక్షరాలతో, 'మింగకండి' అని.

ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మినప్పిండితో అసలు సున్నుండలు చేశారు. వకుళ మొదటి ఉండ నోటిదాకా తెచ్చుకుని ఆగింది. సూరిబాబుని పిలిచి అతని నోట్లో పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి అతని నోటి వంకే చూస్తుంటే, అతను మెల్లగా నోరు తెరిచి...

ఆఁ అమ్మమ్మా, వస్తున్నా. వస్తున్నానన్నాగా. చిన్నీ, జాడీ దింపడానికి పిలుస్తోంది, వెళ్ళకపోతే నన్నే దింపేస్తుంది.

ఉండ నోట్లోకి, బుడగ గాల్లోకి,
కథ కంచి బస్సులోకి, నువ్వు దుప్పట్లోకి.