పచ్చికట్టెల నూకరత్నం

అనగా అనగా, ఎంత అనగానో నాకూ తెలీదర్రా, ఏటి ఒడ్డున ఒక రాజుగారి ఊరుండేదట. ఏ ఇంటి పెరట్లో చూసినా పొయ్యి, ఏ పొయ్యి మీద చూసినా కుండ, ఏ కుండ దగ్గర చూసినా ఒక కోడలు. ఆ ఊళ్ళో ఓ పాడు కట్టుబాటు ఉండేది. ఇంటికోడలు గడప లోపల కంట నీరు పెట్టకూడదు. పెడితే ఆ ఇంట్లోంచి లక్ష్మి వెళ్ళిపోతుందట. పుట్టిల్లు గుర్తొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా, మొగుడు చెయ్యి చేసుకున్నా నవ్వు మొహంతోనే తిరగాలి. అంత పిరికి లక్ష్మి ఏమిటో, నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేనూ పడుకుంటాను మరి.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ. ఆవిడ మొగుడు బుల్లెబ్బాయి. ఒట్టి అమాయకుడైనా బాగుండేది, తనంత తెలివైనవాడు లేడనుకునే అమాయకుడు. మాట్లాడే మైన ఉందని ఎవడో చెబితే, దున్నే ఎడ్లజత వాడి చేతిలో పెట్టి ఆ మైనని తెచ్చుకున్నాడు. అది మాట్లాడలేదు సరికదా, మర్నాడే పిల్లి నోట పడింది. ఎడ్లు పోయాయి, మైన పోయింది, పొలం బీడు పడింది, గాదె ఊడ్చుకుపోయింది. ఆ మైనని తిన్న పిల్లే వచ్చి నూకరత్నం పొయ్యిలో పడుకుంది. రోజులు గడిచినా లేవదే! లేవాలంటే పొయ్యి వెలగాలి కదా.

ఇక లాభం లేదని నూకరత్నం గొడ్డలి పట్టుకుని ఏరు దాటింది. అవతల బీట్లో తుమ్మచెట్లున్నాయి, ఎవరివీ కావు. కొట్టింది, చీల్చింది, ఎండేసింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలిపోయాయి. గాలి దూరేటట్టు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చి రేవు దగ్గర అడితి పెట్టింది. అడితంటే కట్టెలమ్మే దొడ్డిలెండి. కట్టె ఎంత ఎండిందంటే, వేలితో కొడితే ఖంగుమనేది.

పెద్దింటివాళ్ళ కోడలు వచ్చింది. పొగ వస్తుందా అంది. రవ్వంత కూడా రాదంది నూకరత్నం. కళ్ళు మండుతాయా అంది. అస్సలు మండవంది. అయితే వద్దులే అని వెళ్ళిపోయింది. కుమ్మరివాళ్ళ కోడలు వచ్చింది. పొగ వస్తుందా అంది, రాదంది. కళ్ళు మండుతాయా అంది, మండవంది. అయితే వద్దులే అంది. నేతవాళ్ళ కోడలూ అంతే, కంసాలివాళ్ళ కోడలూ అంతే. ఇదేం ఊరు దేవుడా అని నూకరత్నం నెత్తి కొట్టుకుంది.

అంతలో ముసురు పట్టింది. అడితికి పైకప్పు ఎక్కడిది? కట్టెలన్నీ తడిసి ముద్దయిపోయాయి. ఆ కట్టెల పక్కనే కూలబడి బావురుమని ఏడ్చింది పాపం. ఆవిడా ఒక ఇంటి కోడలే, కానీ అడితికి గడప లేదు కదా, ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు.

అదిగో, అప్పుడొచ్చారమ్మా కోడళ్ళందరూ! వానలో తడుచుకుంటూ వచ్చారు. పొగ వస్తుందా? వస్తుంది. కళ్ళు మండుతాయా? మండుతాయి. అయితే ఇవ్వు. పొద్దు గుంకేలోపు ఒక్క పుల్ల మిగల్లేదు.

ఎందుకమ్మా మీకీ పొగ అని నూకరత్నం ఒక పిల్లని పట్టుకుని అడిగితే, ఏడవడానికి అందిట. పొగలో కూచుంటే కళ్ళు ఎందుకు కారుతున్నాయని అత్త అడగదు, మామ అడగడు. అదొక్కటే దారి మాకు అందిట.

పోనీలే, ఇదీ పుణ్యమే అనుకుంది నూకరత్నం. ఎండబెట్టడం మానేసి పచ్చికట్టె పచ్చిగానే అమ్మింది. పచ్చికట్టె తూకమూ ఎక్కువే కదా! అది చాలక బుల్లెబ్బాయి రోజూ కుండలతో ఏటి నీళ్ళు తెచ్చి మోపుల మీద పోసేవాడు, అదేదో తానే కనిపెట్టినట్టు. గాదె నిండింది, ఇంటికి పెంకులు పడ్డాయి, నూకరత్నం చెవులకి బంగారు కమ్మలొచ్చాయి. పిల్లి లేచి గోడెక్కింది. సాయంత్రమైతే చాలు, ఊరంతా ఒకటే పొగ. ఆ పొగ కింద ఇంటికొక కోడలు ఏడుపు.

ఊ కొట్టండర్రా. ఏడుపు కథ అని ముసుగు తన్నేస్తారేమిటి?

రాజుగారింట్లో కూడా కోడళ్ళే వండాలి. ఆయన చిన్నకోడలు వరహాలు అందరికంటే ఎక్కువ కట్టెలు కొనేది. వచ్చినప్పుడల్లా కళ్ళు ఎర్రగా ఉండేవి. తర్వాత తర్వాత పొర కమ్మినట్టు తెల్లబడ్డాయి. ఒకరోజు వచ్చి, ఎదురుగా నిలబడ్డ నూకరత్నం వైపే చూస్తూ, నూకరత్నమ్మా, ఉన్నావా అని పిలిచి, చేత్తో తడుముకుంటూ కట్టెలు ఏరుకుంది.

నూకరత్నం చెవి కమ్మలు తడుముకుంది. ఈ కమ్మలు ఆ పిల్ల కళ్ళే కదా అనిపించింది. తీసి అవతల పారేసింది. తెల్లారేసరికి బుల్లెబ్బాయి చేతిలో కుండ లాక్కుని బద్దలు కొట్టి, ఇక పచ్చికట్టె అమ్మేది లేదంది. తాటాకు పందిరి వేసి, కట్టెలన్నీ మళ్ళీ ఎండేసింది.

బేరం పడిపోయింది. ఒక్కరూ రారు. వచ్చినా తిట్టడానికే. అన్నం లాక్కున్నా ఊరుకుందుము, మా ఏడుపు కూడా లాక్కున్నావా తల్లీ అన్నారట. వరహాలైతే కాళ్ళు పట్టుకుంది, ఒక్క పచ్చికట్టె ఇమ్మని. ఇస్తే కళ్ళు పోతాయి, ఇవ్వకపోతే గుండె పగిలిపోతుంది. గాదె తరిగింది, మొగుడు సణిగాడు, పిల్లి గోడ దిగి పొయ్యిలో చేరింది.

చివరికి ఏమైతే అయిందని, ఎండుకట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కోట వంటింట్లోకి వెళ్ళింది. తనే పొయ్యి రాజేసింది. మంట నిటారుగా లేచింది, పొగన్నది లేదు. పక్కన వరహాలు పళ్ళ బిగువున ఆపుకుంది, ఆపుకుంది, ఎంతసేపని ఆపుకుంటుంది? బొటబొటా కారిపోయాయి కన్నీళ్ళు. సరిగ్గా అప్పుడే రాణీగారు గడపలో అడుగుపెట్టింది. నా తల తెగింది ఇవాళ అనుకుంది నూకరత్నం.

"పొగ లేదే! మరి ఆ కళ్ళెందుకు కారుతున్నాయే?" అని అడిగింది రాణీగారు.

అన్నేళ్ళలో ఆ మాట అడిగింది అదే మొదలు. ఇన్నాళ్ళూ అడగకుండానే పొగ జవాబు చెప్పేసేది కదర్రా. వరహాలు చెప్పింది. ఏటి అవతల అమ్మ మంచాన పడిందనీ, పడవవాడు కబురు తెచ్చాడనీ, పంపించమని అడుగుదామంటే నోరు తెరిస్తే ఏడుపొచ్చేస్తుందని అడగలేదనీ చెప్పింది.

రాణీగారు పీట లాక్కుని పొయ్యి దగ్గర కూచుంది. మా అమ్మ పోయిన కబురొచ్చినప్పుడు నేనూ ఇక్కడే, పచ్చికట్టె ఎగదోస్తూ కూచున్నానే అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లక్ష్మి ఎటు వెళ్ళిపోతుందో అని ముగ్గురూ గడపకేసి చూశారట. ఎవరూ వెళ్ళలేదు.

వెంటనే పడవ కట్టించారు. వరహాలు వెళ్ళింది. చూపు సగమే మిగిలింది, పాపం, అమ్మ మొహం చేత్తో తడిమి చూసుకుంది. ఆ చెయ్యి తగిలాక ఆ తల్లి లేచి గంజి తాగిందట. చూపు మాత్రం మళ్ళీ పూర్తిగా రాలేదర్రా, ఉన్నమాట చెప్పాలి కదా. తిరిగొచ్చాక రాణీగారు వరహాలుని పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, పక్కనే కూచోబెట్టుకునేది. ఊళ్ళో దండోరా వేయించింది, కోడలి కళ్ళు తడిస్తే అత్తే ముందు అడగాలని. మర్నాటి నుంచి అడితికి అత్తలే వచ్చారు. పొగ వస్తుందా? రాదు. కళ్ళు మండుతాయా? మండవు. అయితే ఇవ్వు. బేరం ముందుకంటే పెరిగింది, బుల్లెబ్బాయి కాటా దగ్గర కూచున్నాడు, పిల్లి పొయ్యిలోంచి లేచి మళ్ళీ ఆ వైపు రాలేదు. అందరూ సుఖంగా ఉన్నారు.

ఇంతకీ నీతేమిటంటే, కళ్ళు తడిస్తే పొగ మీదకి నెట్టెయ్యకండి, అడగండి. ఇప్పుడు మనింట్లో గ్యాసు పొయ్యి. కట్టె లేదు, పొగ లేదు. అయినా ఇందాక మీ అమ్మ వంటింట్లో కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏమిటే అంటే ఉల్లిపాయలంది. మనం తిన్నది పెరుగన్నం, ఆవకాయ. ఉల్లిపాయ ఎక్కడిదర్రా? నేనడిగితే చెప్పదు.

ఈ కథని కంచికి నేను సాగనంపుతాను గానీ, మీరు లేచి ఒక్కసారి వంటింటి దాకా వెళ్ళి రండి.