పారినాయుడి ఇంట్లో అనాటమీ చదువు

మా ఊళ్ళో ఎవరికైనా తెలివి తక్కువ పడితే పారినాయుడి ఇంటికెళ్ళి అడిగి తెచ్చుకోవచ్చు. ఈ మాట పారినాయుడే చెప్పాడు. పెళ్ళాం సత్తెమ్మ ఔనంది. ఆవిడ తమ్ముడు గవరయ్య రెండుసార్లు ఔనన్నాడు. కూతురు నీలవేణికి నర్సింగు కాలేజీలో సీటు రావడంతో ఇక కాదనడానికి ఎవరికీ నోరు లేకుండా పోయింది.

అయితే ఆ కాలేజీలో ఒక మెలిక ఉంది. చేరిన పిల్లలకు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం మొదటి పాఠాల మీద ఒక పరీక్ష పెడతారు. గట్టెక్కితే నేరుగా అనాటమీ క్లాసు. లేదంటే ఆరు నెలలు చిన్న క్లాసులో కూర్చోవాలి. మన పిల్ల చిన్న క్లాసులో కూర్చుంటే ఊళ్ళో తలెత్తుకోలేమని నలుగురూ కలిసి చదవడం మొదలుపెట్టారు.

రిటైరైన కామేశం మేష్టారు వచ్చి పాఠం చెప్పేవారు. మొదటిరోజు, మనిషి ఒంట్లో రెండువందల ఆరు ఎముకలుంటాయన్నారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే గవరయ్యను అరుగు మీద పడుకోబెట్టి, సుద్దముక్కతో గీతలు పెడుతూ తడిమి తడిమి లెక్కపెట్టారు. లెక్క నూట ముప్ఫై దగ్గర ఆగిపోయింది. మిగతా డెబ్బై ఆరూ ఎక్కడ పారేశావని సత్తెమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. కిందటేడు జీడిమామిడి చెట్టు మీంచి పడిన సంగతి అతనికి గుర్తొచ్చింది. అంతే, నలుగురూ జల్లెడ పట్టుకుని తోటకు పోయారు. పొద్దుగూకేదాకా మట్టి జల్లిస్తే ఒక మేక పన్ను దొరికింది. అసలు లేనిదానికంటే నయమని గవరయ్య దాన్ని జేబులో వేసుకున్నాడు.

రెండోరోజు నీళ్ళ పాఠం. నీళ్ళలో హైడ్రోజనూ ఆక్సిజనూ ఉంటాయి, మొదటిది భగ్గున మండుతుంది, రెండోది మంటను పెంచుతుంది అన్నారు మేష్టారు. ఇంకేముంది, బిందెలన్నీ వీధిలో పారబోశారు. ఇలాంటి సరుకు పొయ్యి పక్కనే పెట్టుకుని ఇన్నేళ్ళు ఎలా బతికామా అని సత్తెమ్మ ఖాళీ బిందెల్ని కూడా పెరట్లో దూరంగా బోర్లించింది. మర్నాడే పొయ్యి దగ్గరి మసిగుడ్డ అంటుకుంది. పక్కింటి సింహాచలం బకెట్టుతో పరిగెత్తుకొస్తే గవరయ్య అతన్ని వాటేసుకుని ఆపాడు. వంటపాక సగం కాలింది. నీళ్ళు పోసుంటే మొత్తం పోయేదని పారినాయుడు సంతోషించాడు.

మూడో పాఠంలో, మన ఒంట్లో రోజూ కోట్ల కణాలు చచ్చిపోతాయన్నారు. ఇంట్లో ఒక్కరు పోతేనే పదిరోజులు మైల. రోజూ కోట్లమంది పోతుంటే? సత్తెమ్మ దీపం పెట్టడం మానేసింది. మీ ఇంట్లోనూ పోయారు, మీ ఇంట్లోనూ పోయారు అని గవరయ్య గుమ్మం గుమ్మానికీ చెప్పొచ్చాడు. ఆ దెబ్బకు సింహాచలం కొడుకు నిశ్చితార్థం ఆగిపోయింది. మైలలో పిల్లను పరీక్షకు పంపేదెలాగని పారినాయుడు తల పట్టుక్కూర్చుంటే, చచ్చినన్నీ మళ్ళీ పుడతాయయ్యా బాబూ అని మేష్టారు వీధిలోంచే బతిమాలారు.

పుడితే పురుడు. పుట్టింది ఎవరి ఒంట్లో? అందరి ఒంట్లోనూ. అంతే, నలుగురూ చెవుల్లో దూది కుక్కుకుని, తలకు గుడ్డలు చుట్టుకుని బాలింత పథ్యం మొదలుపెట్టారు. పారినాయుడు మంచం దిగకుండా వెల్లుల్లి కారం అన్నం తింటూ, ఈ వయసులో నాకిదేమిటని మీసాల చాటున సిగ్గుపడ్డాడు. మేష్టారు మళ్ళీ మా వీధి తొక్కలేదు. పదకొండో రోజున నీళ్ళ భయం కాస్త పక్కనపెట్టి పురిటిస్నానాలు చేశారు. పన్నెండో రోజు పరీక్ష.

ఇంత గోలలోనూ నీలవేణికి పుస్తకం మొత్తం నోటికొచ్చేసింది. అబద్ధమాడకూడదు కదా. మూడు గంటలు కాలేజీ గేటు పట్టుకుని నిలబడ్డ ముగ్గురి దగ్గరికీ నవ్వుకుంటూ వచ్చింది.

"అన్నీ రాశావా అమ్మా?" అన్నాడు పారినాయుడు.

"అన్నీ రాశాను నాన్నా. ఎవరు రాశారో తెలిసే గుర్తేదీ కాగితం మీద ఉండకూడదని ముందే చెప్పారు. అందుకని పేరూ రాయలేదు, నంబరూ వెయ్యలేదు."

"నంబరు వేస్తే ఇట్టే పట్టేస్తారు మరి," అన్నాడు గవరయ్య.

వారం తరవాత కాలేజీ బోర్డు మీద గట్టెక్కినవాళ్ళ నంబర్లు అంటించారు. కింద ఇంకో ముక్క ఉంది. నంబరు లేని ఒక కాగితానికి నూటికి నూరు మార్కులొచ్చాయి, అది రాసినవారు వెంటనే ఆఫీసుకు వచ్చి చెప్పాలి అని. పారినాయుడు రెండుసార్లు చదివాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"వారం రోజులు వెతికినా పట్టుకోలేకపోయారే. పాపా, ఎంత బతిమాలినా నోరు విప్పకు."

నీలవేణి విప్పలేదు. ఇప్పుడు చిన్న క్లాసులో కూర్చుంటోంది. ఆ నూరు మార్కుల పిల్ల ఎవరో ఇంకా దొరకలేదని టీచరమ్మ వాపోయినప్పుడల్లా, అందరితోపాటు తనూ వెనక్కి తిరిగి బెంచీలన్నీ వెతుకుతుందట.