ఐదుగురి తెర

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రేగడిపురమనే పట్నం. అక్కడ ఇంటింటా ఒక మగ్గం, మగ్గం మగ్గానికీ ఒక పాట.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చేలు బీటలు వారాయి. కుండల్లో గంజి కూడా కరువైంది. రాజుగారి కొఠారు నిండా ధాన్యం ఉంది గాని, తలుపుకు తాళం వేసి ఉంది. రాజు ఉదయవర్మ వయసులో చిన్నవాడు. "తలుపు తీస్తే రేపు సైన్యం పస్తులుంటుంది ప్రభూ" అని దండనాయకుడు చెబితే నమ్మాడు.

ఆకలి ఎన్నాళ్ళని ఆగుతుంది? ఒక ఉదయం జనమంతా కొఠారు ముందు చేరారు. తలుపు తీయమన్నారు. భటులు తోశారు. జనం రాళ్ళు విసిరారు. భటులు బాణాలు వేశారు. దుమ్ము అణిగేసరికి నలుగురు పట్నం కుర్రాళ్ళూ, ఒక కాపలా భటుడూ నేల మీద పడి ఉన్నారు. వాళ్ళు మళ్ళీ లేవలేదు.

ఆ నలుగురిలో ఒకడు సోమన. అతని తల్లి పేరిందేవమ్మ. బొమ్మల తెరలు నేయడంలో చెయ్యి తిరిగిన మనిషి.

కొడుకు పోయాక ఆమె చాలా రోజులు మగ్గం వైపు చూడలేదు. ఒకనాడు లేచి మొహం కడుక్కుంది. కొడుకు పాత పంచె తీసి పోగు పోగూ విప్పింది. మిగిలిన మూడిళ్ళకూ వెళ్ళింది.

"మీ వాడి బట్ట ఒకటి ఇవ్వండమ్మా. మన బిడ్డల్ని తెర మీద నేస్తాను. రాజుగారు వాళ్ళ మొహాలు చూడాలి" అంది.

తల్లులు కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చారు.

నేత మొదలవగానే సోమన ప్రాణస్నేహితుడు ఎరకన్న వచ్చాడు.

"పెద్దమ్మా, మేము కత్తులు నూరుతున్నాం. నువ్వు నూలు చుట్టుకుంటూ కూర్చున్నావు. కొఠారుకు నిప్పు పెట్టేస్తాం."

"నిప్పు పెడితే గింజలు మిగులుతాయా నాయనా?"

ఎరకన్న గడప మీద చతికిలబడ్డాడు.

"నా నేత అయ్యేదాకా ఆగు. నీ సోమన కోసం ఆగు" అందామె. అతను సరేనన్నాడు.

తర్వాత దండనాయకుడు వచ్చాడు. "ఈ పని మానెయ్యి. నీ ఇంటికి ఏడాదికి సరిపడా గింజలు పంపిస్తాను."

"నా వీధికో?"

"నీ ఇంటికే."

"వద్దు బాబూ. పక్కింటి పిల్లలు ఏడుస్తుంటే నాకు ముద్ద దిగదు."

మగ్గం విరగ్గొడితే పట్నం మళ్ళీ లేస్తుందని జంకి, అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మూడో మనిషిగా తలుపు దగ్గర నిలబడింది ఒక ముసలమ్మ. కాళ్ళ నిండా దుమ్ము. చేతిలో ఒక తలపాగా.

"నన్ను తిప్పమ్మ అంటారు తల్లీ. ఆ రోజు పోయిన భటుడు గంగన నా బిడ్డ. మాదీ కరువు ఊరే. కూటి కోసం కొలువులో చేరాడు. మీ తెరలో వాడికి కాస్త చోటుంటుందా?"

పేరిందేవమ్మ నేత ఆపింది. "నా కొడుకు గుండెలో దిగిన బాణం నీ కొడుకుదేనేమో" అంది.

"కావచ్చు తల్లీ. నా కొడుకు తలకు తగిలిన రాయి నీ కొడుకుదేనేమో."

కుండ అడుగున ఉన్న కాస్త గంజినీ పేరిందేవమ్మ రెండు ముంతల్లో పోసింది. తాగాక ఇద్దరూ కలిసి తలపాగా పోగులు విప్పారు.

సంగతి తెలిసి ఎరకన్న మండిపడుతూ వచ్చాడు. "మనవాళ్ళ పక్కన వాడినా పెద్దమ్మా?" అంటూ గడప దాటి ఆగిపోయాడు. తిప్పమ్మ ఓ మూల కూర్చుని నూలు చుడుతోంది. కన్నీళ్ళు అడ్డం వచ్చి పోగు కనపడక, చేత్తో తడుముకుంటోంది. అతను మెల్లగా వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, పోగు అందించాడు.

తెరను కొఠారు తలుపు ఎదుట కట్టారు. జనం ఒక్క మాట లేకుండా నిలబడ్డారు. జనం అలా నిలబడ్డారని విని రాజే స్వయంగా వచ్చాడు.

తెర మీద ఐదుగురూ ఒకే పంక్తిలో కూర్చుని విస్తళ్ళలో అన్నం తింటున్నారు. సోమన పక్కనే గంగన. పంక్తి చివర మాత్రం బొమ్మ లేదు. నిలువు పడుగు పోగులు అడ్డపు పేక లేకుండా ఊరికే వేలాడుతున్నాయి.

"ఇతను మా భటుడు కదా. ఇతన్నెందుకు నేశారు?" అన్నాడు రాజు.

"వాడికీ ఆకలేసింది ప్రభూ" అంది తిప్పమ్మ.

"మరి ఈ చివర ఎందుకు వదిలేశారు?"

పేరిందేవమ్మ చేతులు జోడించింది. "ఇంకా ఎవరెవరు పోతారో నాకు తెలియదు ప్రభూ. అక్కడ నేయించడమా, మానడమా మీ చేతిలో ఉంది."

రాజు ఆ ఐదు మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. దండనాయకుడి నడుమున ఉన్న తాళంచెవి అడిగి తీసుకుని, తన చేత్తోనే తలుపు తీశాడు.

ఆ పూట భటులూ జనమూ కలిసి బస్తాలు మోశారు. సాయంత్రానికి ప్రతి ఇంటా పొయ్యి రాజుకుంది. ఎరకన్న ఒక బస్తా ఎత్తుకుని తిప్పమ్మకు ఆమె ఊరిదాకా తోడు వెళ్ళాడు.

అందుకే బిడ్డలారా, తమ దుఃఖంలో ఎదుటివాడి దుఃఖానికీ చోటిచ్చినవాళ్ళే కలహాన్ని చల్లార్చగలరు.