చెబితే పోని మందు

అనగనగా అనుకుందాం, ఒక రాజుగారున్నారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో ఊరికొక మందుల అవ్వ ఉండేది. ఏ ఆకు ఏ రోగానికి పనికొస్తుందో ఆమెకే తెలుసు. పొద్దున్నే ఎవరితోనూ పలకకుండా వెళ్లి ఆకు తెచ్చి, తలుపేసుకుని నూరి ఇచ్చేది. ఏం ఆకవ్వా అని అడిగితే చెప్పేది కాదు. చెబితే మందుకి గుణం పోతుందని వాళ్ల నమ్మకం. పోయేముందు ఒక్కరి చెవిలో మాత్రం చెప్పాలి. ఆ ఒక్కరూ పక్కన లేకపోతే ఇంక అంతే. అలా ఒక అవ్వ పోయింది, ఒక మందు పోయింది. ఇంకో అవ్వ పోయింది, ఇంకో మందు పోయింది.

అలాంటి రోజుల్లో రాణిగారికి జ్వరం పట్టుకుంది. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు వణుకుతుంది. వచ్చిన ప్రతిసారీ మనిషి సగమైపోతోంది. దానికి మందు తెలిసిన ఆఖరి అవ్వ ఆ ఏడే పోయింది. ఆమె మనవరాలు పైడిని కోటకి పిలిపించారు. తాను అవ్వ వెనక బుట్ట మోసిందే తప్ప మందు తెలియదని, మొక్కని చూస్తే మాత్రం గుర్తుపడతానని చెప్పింది పైడి. చుక్కల్లాంటి తెల్లపూలు పూసే పొట్టి మొక్కట. ఇప్పుడు ఊరి చుట్టూ కొండల మీద ఒక్కటీ లేదు. ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడు అన్నిటినీ వేళ్లతో సహా తవ్వించుకుపోయి తన తోటలో పెట్టుకున్నాడు.

పెద్దకొడుకు ఏడు సముద్రాలు దాటాడు. ఎలా దాటాడంటే ఓడెక్కి దాటాడు, రాజుగారి కొడుక్కి ఓడ ఉండదా. తోటలో మొదట కనబడ్డ మొక్కని వేరుతో పీక్కొచ్చాడు. మాంత్రికుడు అడ్డం రాలేదు, నవ్వుతూ చూశాడు. మూడో సముద్రం దాటేసరికి మొక్క ఎండి పుల్లయింది. నడిపివాడు వెళ్లి అందినంత కోసి బస్తాల్లో కుక్కుకొచ్చాడు. మాంత్రికుడు ఇంకా నవ్వాడు. ఇంటికొచ్చి మూతి విప్పితే అంతా కుళ్లి కంపు.

చిన్నవాడు సుకేతుడు బయల్దేరేముందు పైడిని అడిగాడు, మీ అవ్వ ఎలా కోసేదని.

"మొదట కనబడ్డ మొక్కని ముట్టేది కాదు దొరా, అది భూమిది" అంది పైడి. "రెండోది పురుగూ పిట్టలది. మూడోది మనది. దానికీ పసుపుదారం కట్టి, దణ్ణం పెట్టి, పై ఆకులే తుంచేది."

సుకేతుడూ ఏడు సముద్రాలు దాటాడు. మొదటి మొక్కని వదిలేశాడు. దాని మొదట్లో బొరియలోంచి ఒక ముంగిస తల బయటపెట్టి, మీ పెద్దన్న నా పాత గుమ్మం పీకిపోయాడు, నువ్వు నయమని వెంట నడిచింది. రెండో మొక్కని వదిలేశాడు. పూల మీది తేనెటీగలు వెంట వచ్చాయి. మూడో మొక్క పైన ఒక పంజరం, అందులో చిలక. ఏ ఆకు పేరేమిటో, ఎప్పుడు కోయాలో, ఎలా నూరాలో అంతా ఆ చిలకకి తెలుసని, మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉందని ముంగిస చెప్పింది. చిలక ఆ మాటలు ఇంకొకరికి చెబితే వాడికి చావేనట.

సుకేతుడు పంజరం తలుపు తీశాడు. మాంత్రికుడు పరుగున వచ్చాడు.

"అడుగు కుర్రాడా, అడుగు" అన్నాడు. "చెబితే గుణం పోతుందని మీ ఊళ్లో చంటిపిల్లకైనా తెలుసు. మీ అమ్మని నీ చేత్తోనే చంపుకో."

సుకేతుడి చెయ్యి ఆగిపోయింది. ఉగ్గుపాలతో పాటు విన్న మాట అది.

"అబ్బాయీ" అంది ముంగిస. "పాము కరిస్తే మేం కొరికే వేరొకటుంది. మా అమ్మ నాకు చూపించింది. నేను నా నలుగురు పిల్లలకీ చూపించాను, పక్క బొరియ వాళ్లకీ చూపించాను. నిన్న పొద్దున కూడా కొరికాను. గుణం పోయుంటే ఇప్పుడు నీతో మాట్లాడుతుంటానా?"

సుకేతుడు చిలకని వేలి మీద కూర్చోబెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పమ్మా. తోటంతా వినపడాలి."

"నేలచుక్క" అంది చిలక. "ఎండెక్కకముందు తుంచాలి. తడిమట్టిలో చుట్టి మొయ్యాలి. మూడు మిరియాలతో నూరి మూడు పొద్దులు తాగాలి."

మాంత్రికుడి కాళ్లు ఎండుపుల్లలైపోయాయి. ఇంకో ఆకు పేరు చెప్పింది, చేతులు ఎండిపోయాయి. మూడో పేరుకి వాడు పొట్టులా గాలికి ఎగిరిపోయాడు. చిలకకి ఈక కూడా రాలలేదు. వాడి ప్రాణం ఉన్నది దాని మూసిన నోట్లో.

తెల్లారి సుకేతుడు మూడో మొక్కకి దారం కట్టి ఆకులు తుంచాడు, గింజలు ఏరాడు. పువ్వు కాయ కావాలంటే మేముండొద్దా అని తేనెటీగలూ ఓడెక్కాయి.

కోటలో చిలక అందరి ముందూ మందు పేరు చెబుతుంటే ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. పైడి కోటవాకిట్లో, ఊరంతా చూస్తుండగా నూరింది. రాణిగారు మూడు పొద్దులు తాగారు. జ్వరం వచ్చే రోజు వచ్చింది. అందరూ మంచం చుట్టూ చేరారు. పొద్దెక్కింది, పొద్దు వాలింది. వణుకు రాలేదు.

"నా మొహంలో ఏముందని చూస్తారు" అన్నారు రాణిగారు. "ఎవరైనా కాస్త గంజి పొయ్యండి, ఆకలేస్తోంది."

సుకేతుడు పైడిని పెళ్లి చేసుకుంటానన్నాడు. అవ్వలకు తెలిసినవన్నీ ఊరూరా పిల్లలకి నేర్పనిస్తేనే చేసుకుంటానంది పైడి. పెళ్లిలో అక్షింతలతో నేలచుక్క గింజలు కలిపారు. ఇంటికెళ్లి కొంగులు దులుపుకుంటే ప్రతి పెరట్లోనూ మొలిచాయి. వాళ్లిద్దరూ తలలు నెరిసేదాకా రాజ్యం ఏలారు. చిలక మాత్రం ఆ రోజు తెరిచిన నోరు మళ్లీ మూయలేదు.

నా కథ పెరటిదాకా వచ్చింది. అక్కడేం మొలిచిందో మీరెళ్లి చూసి, నాకు పేరు చెప్పండి.