నలభై ఖాళీ కొట్టాలు

థియోన్‌కు పది రోజులుగా ఒళ్లు మండిపోతోంది. కారణం ఒక ముసలి రాయబారి.

ఈజిప్టును గ్రీకు రాజులు ఏలుతున్న రోజులవి. అలెక్సాండ్రియా రేవు నుంచి వాళ్ల యుద్ధనౌకలు బయల్దేరాయంటే సైప్రస్ దాకా, ఆ పైనున్న దీవుల దాకా ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆ రేవులో నలభై పెద్ద ఓడల బాగోగులు చూసే అధికారి థియోన్. ముప్ఫై రెండేళ్లకే అంత పదవి దొరికితే ఎవరికైనా కాళ్లు నేల మీద ఆనవు. అతనికీ ఆనలేదు.

రోడ్స్ ద్వీపం నుంచి రాయబారి వస్తున్నాడని తెలియగానే ఓడలకు కొత్త రంగులు వేయించాడు. శత్రువుల ఓడలను పొడిచే కంచు కొమ్ములను తళతళలాడేలా తోమించాడు. నలభైనీ ఒకే వరసలో నిలబెట్టాడు. ఇంతా చేస్తే ఆ రాయబారి, ఏమీ కొనే ఉద్దేశం లేనివాడు బజారులో నడిచినట్టు, వాటి ముందు నుంచి నడిచి వెళ్లిపోతున్నాడు.

ఇక ఉండబట్టలేక థియోన్ తన గురువు దగ్గరికి వెళ్లాడు.

గురువు పేరు పహోర్. నైలు నదిలో పడవలు కట్టుకుని బతికే ఇంట పుట్టినవాడు. యాభై ఏళ్లు ఈ రేవులో ఓడలు కట్టాడు. థియోన్‌కు ఉలి పట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పి, రెండేళ్ల కిందట పని అతని చేతిలో పెట్టి తప్పుకున్నాడు. తప్పుకున్నాడన్న మాటే గాని, తెల్లారితే కొట్టాల దగ్గరే ఉంటాడు.

కొట్టాలంటే గొడ్ల కొట్టాలు కావు. నీళ్లలోకి వాలుగా దిగే గట్టు మీద ఓడకొకటి చొప్పున కట్టిన పొడుగాటి పాకలు. తిరిగొచ్చిన ఓడను రెండు వందల మంది తాళ్లతో అందులోకి లాగేవారు. ఎండబెట్టి, అడుగు గీకి, తారు పూసి, నెల తర్వాత మళ్లీ నీళ్లలోకి దింపేవారు. పహోర్ ఉన్నన్నాళ్లూ అలాగే జరిగింది.

థియోన్ ఈ ఏడాది ఆ పని మాన్పించాడు. కొట్టంలో ఉన్న ఓడ ఎవరి కంట పడుతుందని అతని వాదన. చలికాలం వెళ్లిన దగ్గర్నుంచి నలభై ఓడలూ నీళ్ల మీదే ఉన్నాయి. రేవు కళకళలాడుతోందని నౌకాదళపతి భుజం తట్టాడు. ఓడలు బరువెక్కాయని తెడ్లు వేసేవాళ్లు సణిగితే, బద్ధకస్తులని థియోన్ కసిరాడు. పహోర్ కూడా ఒకసారి వద్దన్నాడు. థియోన్ వినలేదు. పహోర్ రెండోసారి చెప్పలేదు.

ఆ పూట పహోర్ గట్టు మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తింటున్నాడు.

"ఆ రాయబారికి మతి ఉందా గురువుగారూ?" అన్నాడు థియోన్ వస్తూనే. "నలభై ఓడలు కళ్లెదురుగా పెట్టుకుని, రోజూ వచ్చి ఈ ఖాళీ పాకల ముందు కూర్చుంటున్నాడు. వీటిని చూడటానికేనా సముద్రం దాటి వచ్చింది?"

"కూర్చుని ఏం చేస్తున్నాడు?"

"లెక్కపెడుతున్నాడు."

"ఎన్ని ఖాళీగా ఉన్నాయిట?"

"నలభై. అన్నీ ఖాళీయే కదా."

పహోర్ నమలడం ఆపాడు.

"ఆయన చేతులు చూశావా?"

"చేతులా? లేదు."

"నేను చూశాను. గోళ్ల కింద తారు. ఆ మరక చచ్చేదాకా పోదు. ఖాళీ కొట్టం చూస్తే ఓడ సంగతి చెప్పగల ఓడపనివాడి చేతులవి." పహోర్ రొట్టె పక్కన పెట్టి లేచాడు. "నీ గంటం ఇలా ఇవ్వు."

మైనపు పలక మీద రాసుకునే కంచు గంటం థియోన్ నడుముకు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. తీసి ఇచ్చాడు. ఇద్దరూ చిన్న పడవ ఎక్కి వరసలో మొదటి ఓడ దగ్గరికి వెళ్లారు. అన్నిటిలోకీ పెద్దది అదే. దళపతి ఎక్కేది కూడా అదే.

"అందరూ అటు పక్కకి వెళ్లి నిలబడండర్రా!" అని పహోర్ పైకి కేకేశాడు.

తెడ్లు వేసేవాళ్లు నవ్వుకుంటూ అటు పక్కకి చేరారు. ఓడ మెల్లగా ఒరిగింది. రంగు వేసిన భాగం పైకి లేచి, ఎప్పుడూ నీళ్లలో ఉండే అడుగు మూరెడు బయటపడింది. పచ్చటి పాచి నీళ్లు కారుస్తూ వేలాడుతోంది. పహోర్ దాన్ని బొటనవేలితో గీకాడు. కింద చెక్క పలక నున్నగానే ఉంది. నువ్వుగింజంత చిల్లులు మాత్రం అక్కడక్కడా కనిపించాయి.

గంటం థియోన్ చేతికిచ్చాడు. "గుచ్చు."

"రాజుగారి ఓడ గురువుగారూ!"

"గుచ్చు."

థియోన్ మొహమాటంగా నొక్కాడు. గంటం ఆగలేదు. జానెడు కంచూ లోపలికి పోయి, అతని పిడికిలి వెళ్లి చెక్కకు తగిలింది. బయటికి లాగితే తడిసిన పిండిలాంటి పొట్టు, దానితోపాటు నీళ్లలోనే ఉండిపోయిన చెక్కను తొలిచే మెత్తటి తెల్లటి పురుగు ముక్క వచ్చాయి.

"ఇంకెంతసేపు ఒరగాలయ్యా?" అని పైనుంచి ఎవరో అరిచారు. మిగతావాళ్లు గొల్లుమన్నారు.

థియోన్ పడవను తానే రెండో ఓడ దగ్గరికి తోసుకెళ్లాడు. అక్కడా అంతే. మూడోదీ అంతే. పహోర్ పడవ చివర కూర్చుని నీళ్లు చూస్తున్నాడు.

ఐదు రోజుల్లో ఈ నలభై ఓడలూ సైప్రస్‌కు బయల్దేరాలి. ఒక్కో ఓడకు మూడు వందల మంది తెడ్లవాళ్లు, వాళ్లకు తోడు సైనికులు. థియోన్‌కు భయం వేసింది. ముందు వాళ్ల కోసం వేసిందని చెబితే అబద్ధమవుతుంది. ముందు తన కోసమే వేసింది. దళపతికి కోపం వస్తే పదవితో పోదు, రాళ్ల గనులకు పంపినా పంపుతాడు.

"గాలి అనుకూలంగా ఉంటే చేరతాయి కదా?" అన్నాడు.

"చేరవచ్చు."

థియోన్ గురువు వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి గురువుగారూ. మీరంటే దళపతికి గౌరవం. మీ మాట వింటారు. నేను చెబితే నా బతుకు అయిపోతుంది."

"నువ్వు ఏ ఓడ ఎక్కుతున్నావు?" అన్నాడు పహోర్.

"నేనా? నేను ఎక్కను కదా. నేను ఒడ్డునే..."

తన గొంతు తనకే వినిపించింది. సిగ్గుతో మొహం కందిపోయింది. మూడో ఓడ మీదివాళ్లు కూడా నవ్వుతూనే ఉన్నారు. వాళ్లలో ఒకడు కిందికి వంగి, "మాతో రా దొరా, సైప్రస్‌లో ద్రాక్షసారా బాగుంటుంది" అన్నాడు.

థియోన్ పడవను గట్టుకు తిప్పాడు.

దళపతి ఇంటికి వెళ్లి అనుమతి అడగలేదు. అడిగితే, రాయబారి వెళ్లేదాకా ఆగమంటారని అతనికి తెలుసు. గట్టు ఎక్కి, తాళ్లు తెమ్మని తానే కేకేశాడు. రెండు వందల మంది పోగయ్యారు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, దళపతి ఎక్కే పెద్ద ఓడ ముందుగా వాలు మీదికి వచ్చింది. పాచి, నత్తలు, చిల్లులు అన్నీ ఎండలో బయటపడ్డాయి. థియోన్ అధికారుల చోట నిలబడలేదు. తాడు భుజాన వేసుకుని మొదటి వరసలో లాగుతున్నాడు.

దళపతి మనిషి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండి! ఎవరు తీయమన్నారు? ఎవరి ఆజ్ఞ ఇది?"

తాళ్లు ఆగాయి. అందరూ పహోర్ వైపు చూశారు. పహోర్ కొట్టం గుమ్మంలో నిలబడి థియోన్ వైపు చూశాడు.

"నాది" అన్నాడు థియోన్. "తప్పు కూడా నాదే. దళపతిగారితో అలాగే చెప్పు. ఓడ లోపలికి వెళ్లాక నేనే వచ్చి నిలబడతాను."

ఆ మనిషి వచ్చిన దారినే వెళ్లాడు. తాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఓడ అడుగున ఏదో పలక పటుక్కుమంది.

పహోర్ వచ్చి ఆ పలక మీద అరచెయ్యి ఆనించాడు.

"నెమ్మదిగా లాగు నాయనా" అన్నాడు. "లోపల మనుషులు ఉన్నారనుకుని లాగు."