చిట్టచివరి స్పర్శ

కాత్యాయని బల్ల మీద పెండింగ్ కేసు ఒక్కటీ ఉండేది కాదు. ఆ పెద్దాసుపత్రిలో ప్రమాద బాధితుల గాయాలను కోడ్‌లుగా మార్చి రిజిస్ట్రీలో ఎక్కించే గదిలో ఆమెంత చురుకైన చెయ్యి మరొకటి లేదు. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువే తెలుసు.

ఆ రోజు నూకరాజు కేసు వచ్చింది. కల్లు గీసుకుంటూ తాటిచెట్టు మీంచి పడ్డాడు. రెండు కాళ్ళూ కదలడం లేదు, స్పర్శ లేదు అని డాక్టరు రాశాడు. కాత్యాయని 'వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది' అనే కోడ్ వేసి, తనకు పని నేర్పిన మస్తాన్ గారికి చూపించింది. ఆయన సరేనంటే కేసు ముగిసినట్టే. ఆ కోడ్ పడ్డవాళ్ళను అక్కడ ఇంటికి పంపేస్తారు. ఎంతో కొంత స్పర్శ మిగిలి ఉన్నవాళ్ళకే నడక నేర్పే వార్డులో మంచం. నూకరాజు భార్య అప్పటికే ఆటో మాట్లాడుకుంది.

"చివరి పరీక్ష చేశారా అమ్మా?" అని అడిగారు మస్తాన్ గారు.

కాత్యాయని తల దించుకుంది. వెన్నుపాములో చిట్టచివరి నరాల స్పర్శ తెలిసేది మలద్వారం దగ్గర. అక్కడ కూడా ఏమీ తెలియకపోతేనే పూర్తిగా పోయినట్టు. డాక్టరు ఆ ఊసే ఎత్తలేదు. కుర్ర డాక్టరు, పైగా విసుగుమనిషి. ఆ మాట తనెలా అడుగుతుంది?

"కాళ్ళకే తెలియనిది అక్కడేం తెలుస్తుంది మాస్టారూ!"

మస్తాన్ గారు వార్డు నంబరు నొక్కి, ఫోను ఆమె చేతిలో పెట్టి, టీ తాగుతూ కూర్చున్నారు.

అటునుంచి డాక్టరు కసిరాడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ? ఏదో ఒకటి వేసేయండి."

కాత్యాయని గురువు వైపు దీనంగా చూసింది. ఆయన తీరిగ్గా బిస్కెట్టు ముంచుకుంటున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మలద్వారం దగ్గర స్పర్శ చూశారా లేదా సార్? చూడలేదంటే చూడలేదనే రాస్తాను."

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. అవతల ఫోను ఠక్కున పెట్టేశాడు.

మస్తాన్ గారి టీ ఇంకా పూర్తికాలేదు, ఫోను మోగింది. డాక్టరు గొంతే మారిపోయింది.

"ఉందండీ! దూదితో తాకినా చెప్తున్నాడు. కోడ్ మార్చండి. మంచం సంగతి నేను చూసుకుంటాను."

నూకరాజు కోసం వచ్చిన ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు అతను పట్టుకుని నడిచే రెండు కడ్డీల మధ్య లేచి నిలబడ్డాడు. పళ్ళు బిగబట్టి ఒక అడుగు వేశాడు. ఆ వెనకే మరొకటి.

"ఓలమ్మో! మా మావ నడిసేత్తన్నాడు!" అని అతని భార్య పెట్టిన కేకకు వార్డు వార్డంతా చప్పట్లు కొట్టింది. కుర్ర డాక్టరు ఈల వేశాడు. చూడ్డానికొచ్చిన కాత్యాయనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ సంతోషంలో గదికి పరుగెత్తుకొచ్చింది. "నడిచాడు మాస్టారూ! అతనికి స్పర్శ ఉందని మీకు ముందే ఎలా తెలుసు?"

"నాకేం తెలుసమ్మా?" అన్నారు మస్తాన్ గారు. "తెలిస్తే నీచేత ఫోనెందుకు చేయిస్తాను?"